ఉప్పు గాలి ఊళ్లలో పాత కారు బాడీకి తుప్పు: వదిలించే పద్ధతి, మళ్లీ రాకుండా చూసుకునే పద్ధతి

కోనసీమలోనో, నరసాపురం, మొగల్తూరు వైపో పాత కారు ఉన్నవాళ్లని ఎవరిని కదిపినా తుప్పుకి కారణం వానలే అంటారు. వాన ఒక్కటే అయితే ఇంత బాధ ఉండదు. కురిసిన నీరు కారిపోయి, ఎండ కాసి, రేకు ఆరిపోతే బండికి పెద్దగా ఏమీ కాదు. మన బండ్లని తినేసేది ఆరకుండా మూలల్లో ఉండిపోయే చెమ్మ, దాంట్లో కలిసిన ఉప్పు. ఈ రెండూ ఎక్కడ దాక్కుంటాయో తెలుసుకుని అక్కడ చేయి పెట్టగలిగితే పాత మారుతి 800 అయినా, అంబాసిడర్ అయినా, ఓమ్నీ అయినా ఇంకా చాలా ఏళ్లు నిక్షేపంగా తిరుగుతుంది. అది తెలియకుండా పైన రంగు మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ డబ్బు నీళ్లపాలే.

ఇనుముకి నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు మొదలవుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉత్త ఇనుము మీద తుప్పు వేగం పుంజుకుంటుంది. మన దగ్గర తెల్లవారుజామున తేమ 80, 90 శాతం ఉండటం మామూలే. ఉప్పు రెండు పనులు చేస్తుంది. గాలిలోని తేమని లాగి రేకు మీద పట్టి ఉంచుతుంది, ఆ తడిలో కరెంటు సులువుగా పారేలా చేసి తుప్పుని తొందరపెడుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెయింట్ పొక్కులు లేచేది అందుకే, కింద తుప్పు ఉబ్బి పైకి తోస్తోందన్నమాట.

సొంత కారుకి 15 ఏళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కి బండి చూపించాలి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఇదే తంతు. అప్పుడు ఫుట్‌బోర్డు (తలుపుల కింద పొడుగునా ఉండే గడప లాంటి డొల్ల భాగం) కింద చిల్లులు చూసి టెన్షన్ పడేకంటే గోరంత పొక్కుగా ఉన్నప్పుడే పట్టుకోవడం నయం.

ముందు ఎక్కడెక్కడ చూడాలి

బండి చుట్టూ ఒకసారి నడిచి చూస్తే కనబడేది పావు వంతే. మిగతాదంతా వంగి చూడాలి, మ్యాట్లు ఎత్తి చూడాలి, వేళ్లతో తడిమి చూడాలి.

తలుపుల అడుగు అంచుతో మొదలుపెట్టండి. తలుపు అడుగున బయటి రేకుని లోపలి రేకు మీదకి మడిచి నొక్కుతారు, ఆ మడతలోకి నీరు పీల్చుకుంటుంది. అద్దం పక్క రబ్బరు బీడింగ్ ఎండిపోయి పగిలితే వాన నీరంతా తలుపు లోపలికే దిగుతుంది. అది బయటికి పోవడానికి కంపెనీ వాళ్లు తలుపు అడుగున చిన్న చిన్న కన్నాలు పెడతారు. మన రోడ్ల దుమ్ము, పుంత దారుల ఒండ్రు మట్టి కలిసి ఆ కన్నాలని మూసేస్తాయి. తలుపు తీసి, అడుగున వేలు పెట్టి చూడండి. కన్నం దగ్గర నల్లటి ముద్ద తగిలితే కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని మెల్లగా తిప్పుతూ లోపలికి తోయండి. చాలా బండ్లలో ఈనె బయటికి రాగానే దాని వెంట తుప్పు రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడతాయి, వాన పడి వారం అయినా సరే. ఆ నీరు అన్నాళ్లూ తలుపు లోపల నిలవ ఉందన్నమాట. ఇనప తీగతో పొడిచే పని పెట్టుకోకండి, లోపలి పెయింట్ గీసుకుపోతే అక్కడి నుంచి కొత్త తుప్పు మొదలవుతుంది.

చక్రాల పైన మడ్‌గార్డు లోపలి అంచు రెండో చోటు. అక్కడ ఒక చిన్న గట్టులాగా మడత ఉంటుంది, దాని మీద బురద పేరుకుని ఎండాకాలంలో కూడా లోపల పచ్చిగానే ఉంటుంది. చేత్తో గోకి చూస్తే తెలిసిపోతుంది. తర్వాత డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద చూడండి. వెనక లైట్ల రబ్బరు పోతే నీరు చేరేది అక్కడికే. ముందు సీట్ల దగ్గర మ్యాట్లు, వాటి కింద నార పరుపు కూడా ఎత్తండి. ఏసీ ఉన్న బండి అయితే ఎడమ వైపు కాళ్ల దగ్గర ముఖ్యంగా చూడాలి, ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోతే ఆ నీరు లోపలికే వచ్చి పడుతుంది. పైన అంతా పొడిగా కనిపించినా నార పిండితే నీళ్లు కారతాయి.

వైపర్ల కింద ఉండే గాడిలో ఆకులు, కొబ్బరి పూత, ఎలుకలు తెచ్చిపెట్టిన గడ్డి పేరుకుంటాయి. బ్యాటరీ కింది పళ్లెం, ముందు అద్దం బీడింగ్ కింది మూలలు, టాపు పక్కల నీళ్లు పోయే గాడి, పెట్రోల్ మూత చుట్టూ, నంబరు ప్లేటు స్క్రూలు కూడా వదలొద్దు.

ఇది ఇంట్లో వదిలించుకునే తుప్పా, మేస్త్రి దగ్గరికి పోవాల్సిన తుప్పా

పొక్కుని గోటితో నొక్కండి. పెయింట్ పగిలి లోపల కాషాయ రంగు పొడి, దాని కింద గట్టి రేకు తగిలితే అది పై తుప్పు, ఇంట్లోనే వదిలించొచ్చు. పొరలు పొరలుగా పెచ్చులు ఊడుతూ, రేకు మీద సూది గుంటల్లాంటివి కనిపిస్తే ముదిరింది, అయినా ఇంకా చేతిలోనే ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒత్తితే రేకు లోపలికి పోతోందంటే, దాంతో కుస్తీ పట్టకండి. అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాల్సిందే, దానికి మంచి టింకరింగ్ మేస్త్రి కావాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు ఊడదీయించడం మర్చిపోవద్దు.

ఫుట్‌బోర్డు కింద జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు, సీటు బెల్టు బిగించిన చోటు, చాసిస్ వీటిలో ముదురు తుప్పు కనిపిస్తే అది అందం విషయం కాదు, ప్రాణం విషయం. అక్కడ పుట్టీ, పెయింట్ ప్రసక్తే వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ మందంగా పుట్టీ ఉందని లెక్క. తుప్పు మీద నేరుగా పుట్టీ పెట్టి రంగు కొట్టి అమ్మేయడం పుచ్చిపన్ను మీద పైపైన సిమెంటు నింపడం లాంటిది, కింద తినే పని ఆగదు.

ఏ నెలలో, ఏ వేళలో

ఈ విషయం గురించి ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో సగం పని చెడేది ఇక్కడే. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ముసురు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లు, ఆ పైన సంక్రాంతి వెళ్లేదాకా పొద్దున్నే మంచు. మే నెల వస్తే రేకు పెనంలా కాలుతుంది, పెయింట్ పరుచుకునే లోపే ఆరిపోయి గరుగ్గా తేలుతుంది. కాబట్టి ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉన్న రోజులు ఈ పనికి బంగారం లాంటివి.

రోజులో కూడా మంచు పూర్తిగా విడిచాక, పది గంటలకి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ప్రైమర్ పడిపోయేలా చూసుకోండి. సముద్రం దగ్గర ఊళ్లలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది, దాంతో పాటు తేమ, ఉప్పు కూడా వస్తాయి. పెయింట్ పనివాళ్లు పాటించే కొలత ఒకటుంది: గాలిలో తేమ 85 శాతం దాటితే పెయింట్ వేయకూడదు, రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే వేడి, ఇంగ్లీషులో డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే తేమ, మంచు బిందువు రెండూ కనిపిస్తాయి.

ఇంకొక్క మాట. ఒక్క రోజులో ప్రైమర్ దాకా పూర్తి చేయగలిగినంత చోటే ఎంచుకోండి. నాలుగు తలుపులూ ఒకేసారి గీకి పెట్టుకుని రేపు చూద్దాంలే అనుకుంటే, తెల్లారేసరికి తళతళలాడిన రేకు మీద పసుపు పూసినట్టు కొత్త తుప్పు కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి గీకాలి.

కావాల్సిన సామాను

80, 180, 320 నంబర్ల గరుకు పేపర్లు (శాండ్ పేపర్లు), నీళ్లతో రుద్దే 400, 600, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు, వైర్ బ్రష్, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్, గ్రీజు తుడిచే ప్యానెల్ క్లీనర్, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, కారు బాడీ పుట్టీ, మాస్కింగ్ టేపు, పాత పేపర్లు, రంగు. ఒంటికి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, మంచి మాస్కు. రంగు కోసం షాపుకి వెళ్లేటప్పుడు బండి కలర్ కోడ్ రాసుకుని వెళ్లండి, వీలైతే పెట్రోల్ మూత విప్పి తీసుకెళ్లండి. పాత బండి రంగు ఎండకి పాలిపోయి ఉంటుంది, కోడ్ ప్రకారం కలిపిన కొత్త రంగు దాని పక్కన వేరేగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మూత చూసి కలిపిస్తే ఆ తేడా చాలా తగ్గుతుంది. రంగే మార్చేద్దాం అనుకుంటే మాత్రం ఆర్‌సీలో ఎక్కించాలి, అది వేరే పని.

మాస్కు గురించి గట్టిగా చెప్పాలి. హార్డనర్ (గట్టిపరిచే మందు) కలిపే పీయూ (పాలీయురెథేన్) రంగులు, రంగు పైన వేసే క్లియర్ కోట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి, వాటిని స్ప్రే గన్‌తో కొట్టేటప్పుడు పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వాటిని ఆపలేవు. ఇంటి దగ్గర బ్రష్‌తోనో, చిన్న స్ప్రే డబ్బాతోనో అయ్యే పని వరకు మీరు చేసుకుని, గన్ పని బూత్ ఉన్న షెడ్డుకి వదిలేయడం మంచిది.

1. కడగడం, అదీ ఏ నీళ్లతో

షాంపూతో బాగా కడగాలి, ఇది అందరికీ తెలిసిందే. తెలియంది ఏంటంటే, సముద్రం ఒడ్డు ఊళ్లలో, రొయ్యల చెరువులు తవ్విన చోట చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో రోజూ కారు కడిగేవాళ్లు బండికి సేవ చేస్తున్నామనుకుంటూ ఉప్పు పూస్తున్నారు. ఆరాక తెల్లటి మరకలు కడుతున్నాయంటే అనుమానించండి. ఆఖరి తడుపు మాత్రం పంచాయతీ కుళాయి నీళ్లతోనో, కాలవ నీళ్లు తేటపడ్డాకనో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లతోనో చేయండి. ఒక బకెట్ చాలు.

2. గీకడం

తుప్పు చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, 80 నంబరు పేపరుతో గీకడం మొదలుపెట్టండి. పొక్కు రూపాయి బిళ్లంత కనబడితే పెయింట్ కింద తుప్పు దానికి రెండింతలు పాకి ఉంటుంది. కాబట్టి తుప్పు అయిపోయిందనుకున్న చోటు నుంచి ఇంకో అంగుళం గట్టి పెయింట్‌లోకి వెళ్లేదాకా ఆగొద్దు. చేతికి తెల్లటి మెరుపు ఇనుము రావాలి, గోధుమ రంగు నీడ కూడా ఉండకూడదు.

గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ వేసి గబగబా తీసేద్దామనిపిస్తుంది. మారుతి లాంటి కార్ల బాడీ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకేచోట డిస్క్ ఆనిస్తే రేకు వేడెక్కి వంగిపోతుంది, లేదా పలచబడి తర్వాత చిల్లు పడుతుంది. మడతల దగ్గర, చిన్న చోట్ల చేత్తోనే చేయండి. పెట్రోల్ ట్యాంకు, పైపుల దగ్గర గ్రైండర్ నిప్పురవ్వలు అసలే వద్దు. బాగా పాత అంబాసిడర్లు, జీపుల పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, అలాంటి చోట నీళ్లు చిలకరిస్తూ రుద్ది దుమ్ము లేవకుండా చూసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తర్వాత 180, ఆపైన 320తో పెయింట్ అంచుని నున్నగా వాలుగా చేయాలి. కళ్లు మూసుకుని వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. తగిలితే రంగు వేశాక అదే మెట్టు గీతలా తేలుతుంది.

3. గుంటల్లో ఉప్పు తీయడం, యాసిడ్ పెట్టడం

రేకు మెరిసిపోతున్నా సూది గుంటల అడుగున నల్లటి చుక్కలు మిగులుతాయి. ఉప్పు దాక్కునేది అక్కడే. దాన్ని అలా వదిలేసి పైన ఏ ప్రైమర్ వేసినా ఒకటి రెండు వానాకాలాల్లో అదే చోట మళ్లీ పొక్కు లేస్తుంది. కాగిన మంచినీళ్లు తీసుకుని, నైలాన్ బ్రష్‌తో ఆ చోటుని రుద్దుతూ రెండు మూడు సార్లు కడగండి. వేడి నీళ్లయితే ఉప్పు బాగా కరుగుతుంది, రేకు కూడా తొందరగా ఆరుతుంది.

ఆరగానే ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ రిమూవర్‌ని బ్రష్‌తో పూయండి. అది గుంటల్లో తుప్పుతో కలిసి బూడిద రంగు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఉంచండి, మధ్యలో ఆరిపోకుండా మళ్లీ తడుపుతూ ఉండండి, తర్వాత మంచినీళ్లతో పూర్తిగా కడిగేయండి. యాసిడ్ మిగిలిపోతే ఎపాక్సీ సరిగా పట్టదు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి హెయిర్ డ్రయర్ పట్టండి. నల్లటి చుక్కలు ఇంకా ఉంటే ఇంకోసారి. ఈ దశలో ఓపిక పట్టినవాళ్ల పని నిలబడుతుంది.

రస్ట్ కన్వర్టర్ అని నల్లగా మారే ద్రవం కూడా దొరుకుతుంది, టానిన్‌తో చేస్తారు. పేపరు పట్టని సందుల్లో, మడతల లోపల దానికి ఉపయోగం ఉంది. తుప్పు లేని మెరుపు రేకు మీద దానికి పని లేదు, ఊడిపోయే పెచ్చుల మీద పూసినా లాభం లేదు, పెచ్చుతో పాటు అదీ ఊడుతుంది. చేయి పట్టే చోట గీకడానికి బద్ధకించి కన్వర్టర్ పూసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ చిట్కాలు నట్లూ బోల్టులూ నానబెట్టుకోవడానికి ఫరవాలేదు గానీ బాడీ మడతల్లోకి పోయాయంటే కడిగినా పూర్తిగా పోవు, లోపల కూర్చుని కొత్త తుప్పు తెస్తాయి.

4. అదే పూట ఎపాక్సీ

ప్యానెల్ క్లీనర్‌తో ఒక గుడ్డ పెట్టి తుడిచి, అది ఆరేలోపు వేరే పొడి గుడ్డతో తుడవండి. పెట్రోల్‌తో తుడిచే అలవాటు చాలామందికి ఉంది, అది జిడ్డు పొర వదులుతుంది, నిప్పు భయం వేరే. తుడిచాక ఉత్త చేత్తో ముట్టుకోకండి, చెమటలో కూడా ఉప్పే ఉంది.

ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాలు, డబ్బా మీద చెప్పిన కొలతలో కలపాలి, కళ్లతో అంచనా వేయొద్దు. కొన్ని రకాలు కలిపాక కాసేపు ఆగి వాడమంటాయి, ఆ మాట పాటించండి. రెండు పలచటి పూతలు వేయండి, రెంటికీ మధ్య చెప్పినంత టైమ్ ఇవ్వండి. చిన్న చోటైతే మెత్తటి బ్రష్ చాలు, గీతలు తర్వాత రుద్దితే పోతాయి.

ఇక్కడ షెడ్లలో మామూలుగా జరిగేది వేరు. "ఎందుకండీ అంత ఖర్చు, సర్ఫేసర్ కొట్టేసి రంగు వేసేద్దామండి" అంటారు. బూడిద రంగు సర్ఫేసర్ నున్నదనం కోసం పుట్టింది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు రేకు దాకా దిగకుండా ఆపేది ఎపాక్సీ. బయట షెడ్డులో చేయించినా సరే, "మేస్త్రిగారూ, ముందు ఎపాక్సీ వేయండి, డబ్బా నేనే తెస్తాను" అని చెప్పి దగ్గరుండి వేయించుకోండి. ఇంటి కిటికీ ఊచలకి కొట్టే రెడ్ ఆక్సైడ్ కారు బాడీకి వద్దు, పైన వేసే రంగు థిన్నర్ దాన్ని లేపేస్తుంది.

ఒక రోజంతా ఆరనివ్వండి. ఇప్పుడు బండి సురక్షితం, తర్వాతి పనులు నిదానంగా చేసుకోవచ్చు.

5. పుట్టీ, సర్ఫేసర్, రంగు

గుంటలు పూడ్చడానికి పుట్టీ అవసరమైతే ఎపాక్సీ పైనే పెట్టాలి, ఉత్త రేకు మీద కాదు. హార్డనర్ నూటికి రెండు పాళ్ల లెక్కన, పొర పలచగా, రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా. పుట్టీని నీళ్లతో రుద్దొద్దు, అది స్పాంజీలా తాగేస్తుంది. పొడిగానే రుద్దాలి. తర్వాత సర్ఫేసర్, దాన్ని 400, 600 వాటర్ పేపర్లతో నున్నగా చేసి పూర్తిగా ఆరబెట్టడం.

రంగు పలచటి పూతలు రెండు మూడు, మెటాలిక్ అయితే పైన క్లియర్ కోట్. చెమ్మ గాలిలో కొడితే రంగు పాలు కలిపినట్టు తెల్లగా మొహం మాడ్చుకుంటుంది, అలా కనిపిస్తే ఆపేసి ఎండ కోసం ఆగండి. ఆరాక 1500, 2000తో అంచులు కలిపి రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పేస్టు) పట్టొచ్చు. కొత్త రంగు మీద వ్యాక్స్ పాలిష్ మాత్రం నెల ఆగి పెట్టండి, లోపలి థిన్నర్ పూర్తిగా బయటికి పోవాలి.

6. కనబడని చోట్లకి రక్షణ

బయట ఇంత చేసి లోపల వదిలేస్తే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. తలుపుల లోపల, ఫుట్‌బోర్డు డొల్లలో, డిక్కీ మూత అంచుల్లో క్యావిటీ వ్యాక్స్ అనే మైనపు స్ప్రే కొట్టాలి. సన్నటి పొడుగాటి గొట్టంతో వస్తుంది, కన్నంలోంచి లోపలికి దూర్చి వెనక్కి లాగుతూ కొట్టడమే. కొట్టాక కొబ్బరి ఈనెతో నీరు పోయే కన్నాలు మళ్లీ తెరవండి, లేకపోతే ఆ మైనమే వాటిని మూసేస్తుంది.

బండి అడుగున నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించమని చాలామంది సలహా ఇస్తారు. శుభ్రమైన రేకు మీద, ఎపాక్సీ మీద అయితే మంచిదే. ఉన్న తుప్పు మీద, బురద మీద కొట్టిస్తే మాత్రం దాన్ని మించిన హాని లేదు. అది ఒకచోట పగులుతుంది, నీరు వెనక్కి దూరుతుంది, పైకి నల్లగా నున్నగా కనిపిస్తూ లోపల రేకు ఒట్టిపోతుంది. పాత బండికి మైనం రకమే నా ఓటు, పగిలితే కనిపిస్తుంది, మళ్లీ పూయొచ్చు. సర్వీసింగ్‌లో కింద డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొట్టించే అలవాటు మానుకోండి, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, ఆ నూనె కారి మట్టిలోకి, కాలవలోకి పోతుంది.

బ్యాటరీకి తగిలించి తుప్పు ఆపేస్తామని అమ్మే కరెంటు పరికరాలు కొనకండి. ఓడలకి, భూమిలో పైపులకి ఆ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే అవి ఎప్పుడూ నీళ్లలోనో తడి మట్టిలోనో ఉంటాయి. గాలిలో తిరిగే కారుకి ఆ కరెంటు పారే దారే లేదు.

7. మన దారుల్లో, మన కాలాల్లో జాగ్రత్తలు

అంతర్వేది తీర్థానికి వెళ్లి బండి ఇసకలో నిలిపినా, పేరుపాలెం బీచ్‌కి వెళ్లినా, కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డులో అలలు ఎగిరి బండి మీద పడినా, ఇంటికి రాగానే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నైనా మంచినీళ్లతో కడగండి. పై భాగం కంటే అడుగు భాగం, చక్రాల లోపలి మడతలు ముఖ్యం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటడానికి పంటు (బండ్లని మోసే పెద్ద పడవ) ఎక్కించే బండ్లకి రేవులో ర్యాంపు దగ్గర నీళ్లు చిమ్ముతాయి, అక్కడ పోటు సమయంలో నీరు ఉప్పగా ఉంటుంది, దానికీ ఇదే మాట.

చేపలు, రొయ్యలు తోలే చిన్న ట్రక్కుల సంగతి ఇంకా కష్టం. ట్రేలలోంచి ఐసు కరిగి ఉప్పు, నీచు కలిసిన నీరు బాడీ మీద కారుతూనే ఉంటుంది. పలకల కింద రబ్బరు షీటు వేసి, నీరంతా ఒక మూలకి వచ్చి గొట్టంలోంచి చాసిస్‌కి తగలకుండా కిందికి పడేలా ఏర్పాటు చేయించండి. సరుకు దించిన వెంటనే ఒక బకెట్ మంచినీళ్లు పోసినా బండి ఆయుష్షు పెరుగుతుంది.

వరద వచ్చి బండి మునిగితే, 2022 జూలైలో గోదావరి లంక గ్రామాల్లో జరిగినట్టు, నీరు తీయగానే ఇంజిన్ గురించి మాత్రమే ఆలోచిస్తాం. ఇంజిన్ మెకానిక్ చూసుకుంటాడు, మీరు సీట్లు, మ్యాట్లు, నార అంతా విప్పి ఎండలో పడేయండి. ఫుట్‌బోర్డు డొల్లల్లోకి, తలుపుల్లోకి దిగిన ఒండ్రుని గొట్టంతో నీళ్లు పెట్టి తేట నీరు వచ్చేదాకా కడగండి. ఎండిన ఒండ్రు లోపల గట్టిపడితే ఏడాది పొడవునా చెమ్మ పట్టి ఉంచుతుంది.

బండి నిలిపే చోటు కూడా చాలా తేడా తెస్తుంది. నాలుగు పక్కలా మూసిన తడి గ్యారేజీ కంటే పక్కలు తెరిచిన రేకుల పాక మేలు, గాలి ఆడాలి. గడ్డి మీద, పచ్చి మట్టి మీద నిలపకండి, రాత్రంతా కింద నుంచి ఆవిరి తగులుతుంది. కంకర పోసినా చాలు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమట పట్టి బండి ఉడికిపోతుంది, గాలి ఆడే గుడ్డ కవరే వాడాలి, తడి బండి మీద అదీ కప్పొద్దు. కొబ్బరి చెట్ల కింద నిలిపితే కాయ పడి రేకు సొట్ట పోవడం ఒక ఎత్తు, సొట్టలో పెయింట్ పగిలి తుప్పు రావడం ఇంకో ఎత్తు.

ఏడాదికి రెండుసార్లు పూర్తిగా చూసుకుంటే సరిపోతుంది. మే నెలాఖరులో, తొలకరికి ముందు, నీరు పోయే కన్నాలు, బీడింగులు, వైపర్ల గాడి చూసి వ్యాక్స్ పట్టించండి. సంక్రాంతి వెళ్లాక మ్యాట్లు, స్టెప్నీ ఎత్తి, తలుపుల అడుగులు, మడ్‌గార్డు లోపలి అంచులు తడిమి, కనబడ్డ ప్రతి పొక్కునీ సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటోలు దగ్గర పెట్టుకుని ఫిబ్రవరి, మార్చి ఎండల్లో ఆదివారానికి ఒక చోటు చొప్పున పని పూర్తి చేయండి. మిగిలిన రంగు డబ్బాకి మూత బిగించి, కోడ్, తేదీ రాసి నీడపట్టున దాచండి. హార్డనర్ కలిపేసిన ఎపాక్సీ మాత్రం దాచినా లాభం లేదు, గట్టిపడిపోతుంది, ఆ రోజుకి ఎంత కావాలో అంతే కలుపుకోండి.